రేడియో బాబాయి కొత్త వాల్వు

ఆ రోజు పొద్దున రేడియో బాబాయి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. రక్తపరీక్షకని చెప్పి ఇంట్లోంచి బయటపడాలి, తిన్నగా స్టూడియోకి వెళ్ళాలి, నాటిక రికార్డింగు ముగించుకుని, తిరుగుదోవలో పరీక్ష కూడా చేయించుకుని, భోజనాల వేళకి ఏమీ ఎరగనట్టు ఇంటికి చేరాలి. అలా చూస్తే అది అబద్ధం కూడా కాదు, కాస్త చుట్టు తిరిగొచ్చే నిజం.

ఆయన బాబాయి అయింది రక్తసంబంధం వల్ల కాదు. ఏళ్ళ తరబడి వారం వారం వచ్చిన కుటుంబ నాటికలో బాబాయి వేషం ఆయనది. నాటిక ఆగిపోయినా పిలుపు ఆయన్ని వదల్లేదు. కూరగాయల కొట్టువాడికీ బాబాయే, బస్సు కండక్టరుకీ బాబాయే. ఆపరేషను బల్ల మీద మత్తిచ్చిన డాక్టరు కూడా "బాబాయిగారూ, గట్టిగా ఊపిరి పీల్చండి" అన్నాడు. నాటికలో ఆయనకి జంటగా వేసినావిడ పిన్ని. దాంతో ఇంట్లో ఉన్న అసలు భార్యకి ఆ హోదా దక్కలేదు. ఎక్కడికెళ్ళినా ఆవిడ ఉత్త "బాబాయిగారి ఆవిడ". ఆవిడ నవ్వి ఊరుకునేది గానీ, నాటిక వేళయ్యేసరికి "మీ రెండో కాపురం మొదలవుతోంది, రండి" అంటూ రేడియో గొంతు పెంచేది.

మెట్లెక్కితే వచ్చే ఆయాసం వయసు వల్ల కాదనీ, గుండెలో ఒక వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదనీ తేలాక, డాక్టర్లు రొమ్ము తెరిచి పాతది తీసేసి యంత్రపు వాల్వు అమర్చారు. అది మూసుకున్నప్పుడల్లా సన్నగా టిక్కుమంటుంది. సందడిలో వినపడదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో మాత్రం ఎవరో చేతిగడియారం మింగి కూర్చున్నట్టు ఉంటుంది. మొదట్లో ఆ చప్పుడుకి ఆయనకి కునుకు పట్టేది కాదు. ఆవిడకేమో అది వినపడకపోతే కునుకు పట్టేది కాదు. దగ్గొస్తే దిండు రొమ్ముకి అదుముకుని దగ్గడం, రక్తం గడ్డకట్టకుండా మాత్ర వేళ తప్పక మింగడం, ఆ మాత్ర ఎక్కువైందో తక్కువైందో తెలియడానికి పదే పదే రక్తమిచ్చి రావడం, అన్నీ అలవాటయ్యాయి. గాయం మానింది. దారికి రానిదల్లా గొంతు. పలుచబడిపోయింది. మాట చివరికొచ్చేసరికి ఊపిరి చాలడం లేదు. మెల్లిగా అదే వస్తుందన్నారు డాక్టర్లు. గొంతు పెట్టి బతికినవాడికి ఆ "మెల్లిగా" ఎంత పొడుగో వాళ్ళకేం తెలుసు.

సరిగ్గా అప్పుడే స్టూడియో నుంచి కబురొచ్చింది. పాత భవనం ఖాళీ చేస్తున్నారట, పోయే ముందు ఆ గదిలో ఆఖరుసారిగా బాబాయీ పిన్నీ నాటిక ఒకటి రికార్డు చేద్దామట. ఇంట్లో చెబితే ఆవిడ ససేమిరా అంటుంది. స్టూడియోలో ఆపరేషను మాట చెబితే అయ్యో పాపమని కుర్చీ వేసి కూర్చోబెట్టి వేషం ఇంకెవరికో ఇస్తారు. అందుకని బాబాయి ఇక్కడి మాట అక్కడ, అక్కడి మాట ఇక్కడ చెప్పకుండా బయల్దేరాడు.

స్టూడియో బరువైన తలుపు తోయగానే పాత వాసన మొహానికి తగిలింది. నలిగిన తివాచీ, గోడలకి కుట్టిన దూది పరుపులు, వేడెక్కిన కరెంటు తీగలు, అన్నీ కలిసిన వాసన. మూల చప్పుళ్ళ బీరువా అలాగే ఉంది. అందులో వాన కురిపించే జల్లెడ, దానిలోకి బఠాణీలు, ఏ ఇంటికీ చెందని గడియ తలుపు, కిర్రుమనే కుర్చీ. ఈ గదిలోనే బాబాయి అద్దె ఇళ్ళు మారాడు, పెళ్ళిసంబంధాలు కుదిర్చాడు, చెడగొట్టాడు, పిన్నితో అలిగి బఠాణీల వానలో గొడుగు లేకుండా వెళ్ళిపోయాడు. నిజం ఇంట్లో జరిగినవాటికంటే ఇక్కడ జరిగినవే ఆయనకి బాగా గుర్తు.

పిన్ని అప్పటికే వచ్చి ఉంది. ఏళ్ళయింది చూసి. జుట్టు నెరిసింది, మెడ దాకా శాలువా కప్పుకుని ఉంది.

"మీరు కాస్త తగ్గినట్టున్నారు బాబాయిగారూ" అంది.

"పొద్దున్నే నడుస్తున్నానండి పిన్నిగారూ. మీ ఆరోగ్యం ఎలా ఉంది?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

పాత పద్ధతిలోనే ఇద్దరికీ మధ్య ఒకటే మైకు పెట్టారు. నాటికలో పెద్దవాళ్ళిద్దరూ పిల్లల గోల లేని ఇంట్లో కూర్చుని, ఎప్పటెప్పటి సంగతులో తలుచుకుంటారు. అద్దం అవతల ప్రొడ్యూసరమ్మ, ఆవిడ పక్కన సౌండు ఇంజనీరు. అతన్ని అందరూ పాముచెవులు అనే పిలుస్తారు. జేబులో తాళాలు కదిలినా పట్టేస్తాడు. ఎర్ర బల్బు వెలిగింది. బాబాయి గొంతు సవరించుకున్నాడు. బల్బు ఆరిపోయింది.

"టిక్కుమంటోంది. ఎవరి చేతికైనా గడియారం ఉందా?" అన్నాడు పాముచెవులు లోపలికొచ్చి.

బాబాయి పైప్రాణాలు పైనే పోయాయి. ఇంత సున్నితమైన మైకు ఈ చప్పుడు పట్టేస్తుందన్న ఆలోచనే ఆయనకి తట్టలేదు. ఆ క్షణంలో నిజం చెప్పేస్తే పోయేది. కానీ ఆయన చేతిగడియారం విప్పి బుద్ధిగా అతని చేతిలో పెట్టాడు. పిన్ని కూడా విప్పింది. అయినా టిక్కు ఆగలేదు. వరండాలో పెద్ద గోడగడియారం ఉండాలే, దాని చప్పుడు ఇనప దూలం పట్టుకుని లోపలికొచ్చేదని బాబాయి గుర్తు చేశాడు. దూలం సంగతి ఆయన అప్పటికప్పుడు కల్పించినది. నిచ్చెన వేసి గడియారం దించారు. టిక్కు ఆగలేదు. బీరువాలో పాత అలారం ఏదైనా ఉందేమో చూడమంది పిన్ని. బీరువా బీరువాగా వరండాలోకి మోసుకుపోయారు. బఠాణీలు ఒలికి, మోసేవాళ్ళలో ఒకడు జారి గడియ తలుపు మీద పడ్డాడు. టిక్కు ఆగలేదు. ఏసీ యంత్రం మీద అనుమానం ఉందని బాబాయి అన్నాడు. భవనమంతటికీ అదొక్కటే ఏసీ. ఆపేశారు. కాసేపటికి, చెమటకి కాగితాలు తడిసి అక్షరాలు కలిసిపోతున్నాయని వార్తలు చదివే ఆయన మనిషిని పంపాడు.

ఏం చెప్పినా పిన్ని కాదనకపోవడం, పైగా తనూ ఓ మాట సాయం వేస్తుండడం చూసి బాబాయికి కళ్ళు చెమర్చాయి. నాటికలోనూ అంతే, ఆయన తప్పు చేస్తే వెనకేసుకొచ్చేది ఆవిడే. గోడలో పురుగేదో చెక్క తొలుస్తూ ఉండొచ్చన్నది కూడా ఆవిడే.

పాముచెవులు గోడకి చెవి ఆనించి విన్నాడు, తట్టాడు, ఆఖరికి పరుపు కుట్లు తెంపడం మొదలుపెట్టాడు. ఎన్ని నవ్వులు, ఎన్ని ఏడుపులు ఇంకిన పరుపులవి. తన పంతానికి అవి ఊడి కిందపడుతుంటే బాబాయికి చూడబుద్ధి కాలేదు. చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఇంతలో పాముచెవులు హెడ్‌ఫోన్లు తెచ్చి ఆయన చెవులకి తగిలించి, మైకు ముందుకి జరిపి, పిన్నిని కూడా దగ్గరికి పిలిచాడు.

"మీరే వినండి బాబాయిగారూ. ఒకటి కాదు, రెండు. ఒకటి ముందు, ఇంకోటి దాని వెనకాల."

బాబాయి విన్నాడు. నిజమే. తనకి బాగా తెలిసిన టిక్కు ఒకటి. దాని వెనకే, అడుగు తడబడినట్టు ఇంకొకటి. వాల్వు పట్టు తప్పిందనుకున్నాడు. ఇంట్లో చెప్పకుండా వచ్చినందుకు, మాటకి ఊపిరి చాలకపోయినా ఆడాలని ఆశపడ్డందుకు, ఇలా జరిగిందనుకున్నాడు. ఊడిన పరుపు మీద కూలబడ్డాడు.

"గడియారం కాదు, పురుగూ కాదు. ఆ చప్పుడు నాదే" అన్నాడు, చొక్కా పైబొత్తాం విప్పి రొమ్ము మీద నిలువు గీత చూపిస్తూ. "ఇప్పుడది చెడింది. మా ఆవిడకి ఫోను చెయ్యండి."

ఫోను చెయ్యనక్కర్లేకపోయింది. ఆవిడ అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉంది, చంకలో ఆస్పత్రి ఫైలుతో. పరీక్ష ఎంతొచ్చిందో కనుక్కుందామని ల్యాబుకి ఫోను చేస్తే ఆయనసలు రాలేదన్నారట. వారంగా స్నానాల గదిలో ఆయన ఎవరితోనో సరసాలూ పోట్లాటలూ ఆడుతుంటే వింటూనే ఉంది కాబట్టి, ఎక్కడికి రావాలో వెతుక్కోలేదు. కానీ వరండాలో బోర్లాపడ్డ బీరువా, ఒలికిన బఠాణీలు, లోపల గోడలు చింపి పరుపేసి పడుకోబెట్టిన మొగుడు, ఇదంతా చూసేసరికి తిట్లన్నీ గొంతులోనే ఆగిపోయాయి. ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆస్పత్రికి ఫోను చేసి, చప్పుడు రెండుగా వినపడుతోందని చెప్పింది. ఉన్నపళంగా తీసుకురమ్మంది నర్సు. నలుగురూ కలిసి బాబాయిని లేవదీసి వరండాలోకి నడిపించారు. పిన్ని మాత్రం మైకు దగ్గరే ఉండిపోయింది, కదలకుండా.

పాముచెవులు అలవాటుకొద్దీ హెడ్‌ఫోన్లు చెవికి పెట్టుకున్నాడు. పెట్టుకుని అలాగే బిగుసుకుపోయాడు.

"ఆగండి. ఆయన బయటికెళ్ళాక కూడా ఒకటి వినపడుతూనే ఉంది."

అందరూ వెనక్కి తిరిగారు. గదిలో ఉన్నది పిన్ని ఒక్కతే. ఆవిడ శాలువా కొద్దిగా కిందికి జార్చింది. బాబాయికి ఉన్నటువంటి గీతే, పాతబడి తెల్లబారింది.

"అది నాది" అంది.

బాబాయి వరండాలోంచి మళ్ళీ లోపలికొచ్చాడు.

"మొదటే చెప్పొచ్చుగా పిన్నిగారూ?"

"మీరు చెప్పారేమిటి? నాదొక్కటే అనుకుని వణికిపోతున్నాను. మీరు గోడగడియారం మీదికి నెడుతుంటే, పాపం, నన్ను కాపాడుతున్నారనుకున్నాను."

బాబాయికి నవ్వొచ్చింది. నవ్వితే ఎముక దగ్గర కలుక్కుమంది. రొమ్ముకి అదుముకోవడానికి దిండు లేదు. పిన్ని శాలువా చుట్టచుట్టి అందించింది, అది ఎందుకో ఎవరూ చెప్పకుండానే.

అసలు భార్య ముందు ఆయన మణికట్టు పట్టుకుని చూసింది, తర్వాత చెవి ఆయన రొమ్ముకి ఆనించి విని, ఒక్కటే టిక్కని నమ్మకం కుదిరాక నర్సుకి ఆ మాట చెప్పింది. చెప్పి, ఆయన్ని వదిలేసి పిన్ని పక్కన కూర్చుంది. మాత్ర ఏ వేళ మింగుతారు, ఆకుకూరలు తింటారా, దంతాల డాక్టరు దగ్గరికెళ్ళే ముందు ఏం చెప్పాలి, ఇలా ఇద్దరూ మాటల్లో పడ్డారు. ఇన్నేళ్ళలో ఆ ఇద్దరూ అంతసేపు కలిసి కూర్చోవడం అదే మొదలు. ఆపరేషనై నాలుగేళ్ళయిందనీ, మొదట్లో తన గొంతు తనకే పరాయిదిలా ఉండేదనీ, పనిలేక కిటికీలో పిచ్చుకలకి పాత నాటికలు వినిపించి వినిపించి దారికి తెచ్చుకున్నాననీ చెప్పింది పిన్ని. ఆ మాట ఆవిడతో చెబుతున్నా, ఎవరికోసం చెబుతోందో బాబాయికి తెలిసింది.

"ముందు పరీక్ష" అంది అసలు భార్య లేస్తూ. "అన్నం తిన్నాక తీసుకొస్తాను. సంసారం ఇద్దరూ తిన్నగా చేసుకోండి."

అన్నట్టుగానే తీసుకొచ్చింది. ఊడిన పరుపులు గోడకి ఆనించి నిలబెట్టారు. బాబాయి ఊపిరి అయిపోయిన చోటల్లా పిన్ని తన మాట కాస్త ముందే అందుకుంది. నాటిక రాసినాయన చూసి ఉంటే, తను రాసినదానికంటే ఇదే బాగుందనేవాడు. ఆఖరి మాట దగ్గర బాబాయి గొంతు ఎక్కడి నుంచో పాత బరువుతో లేచింది. ఆయనే ఆశ్చర్యపోయాడు. అద్దం అవతల పాముచెవులు కళ్ళు తుడుచుకుని, టిక్కుల్ని చెరిపెయ్యమంటారా అని అడిగాడు. పెద్దవాళ్ళ ఇల్లన్నాక గడియారం చప్పుడు ఉండాల్సిందే, ఉండనీ అంది ప్రొడ్యూసరమ్మ.

నాటిక ప్రసారమైన మర్నాడు ఒక శ్రోత ఫోను చేశాడు. బాబాయీ పిన్నీ మాట్లాడుకుంటుంటే తన చిన్నతనం కళ్ళముందు కదిలిందనీ, ఒక్క లోపం మాత్రం చెప్పకుండా ఉండలేకపోతున్నాననీ అన్నాడు. ఆ ఇంట్లో రెండు గడియారాలూ చెరొక టైము చూపిస్తున్నట్టున్నాయి, బాగుచేయించుకోమని చెప్పమన్నాడు.

రెండూ బాగుచేయించినవేనని ప్రొడ్యూసరమ్మ జవాబిచ్చింది.