నాలుగు బుట్టలూ సమానం

ఒక పెద్ద అడవిలో అనగానే మీరు ఆకాశాన్నంటే చెట్లు, హోరెత్తే జలపాతాలు ఊహించుకుంటారు. అంత సీను లేదు. ఉసిరికోన అడవి పెద్దదే గానీ, అందులో అన్నిటికంటే పెద్దవి మీటింగులు.

ఆ అడవికి ఉమ్మడి గాదె ఒకటుంది. వానలు పట్టాయంటే రెండు నెలలు చెట్లకి కాయ ఉండదు, పొలం నీళ్లలో ఉంటుంది. అందుకని ఎండాకాలమంతా తిండి తెచ్చి గాదెలో పోసేవారు. ఎవరెంత తెస్తే వానల్లో వాళ్లకంత వాటా.

నీటిపిల్లి గంగులమ్మ ఏట్లో చేపలు పట్టి ఎండబెట్టేది. ఎలుగుబంటి బొర్రన్న పళ్లు కోసేవాడు. ముళ్లపంది రత్తమ్మ ఓ గట్టు మీద దుంపలు తవ్వేది. ఆమెకి ఆ మధ్యే ముగ్గురు పిల్లలు పుట్టారు, ఇంకా కళ్లు కూడా సరిగ్గా తెరవలేదు. కుందేలు కుప్పయ్య ఓ చెక్క నేలలో జొన్న వేసేవాడు. ఎవరి పని వాళ్లది. గాదె ఏటా నిండేది.

ఇందులో గొడవేముంది చెప్పండి? ఏమీ లేదు. గొడవ లేనిచోట గొడవ పెట్టడానికి ఒకడు పుడతాడు కదా, ఆ ఏడు కుప్పయ్యకి ఆ బుద్ధి పుట్టింది.

సింహరాజు దగ్గరికెళ్లి బోరుమన్నాడు. "మహాప్రభో! ఆ గంగులమ్మ ఇలా మునిగి అలా తేలితే బుట్ట నిండిపోతుంది. నేను మూడు నెలలు నడుం విరగ్గొట్టుకుంటే జొన్న చేతికొస్తుంది. ఇదెక్కడి న్యాయం?"

"అయితే నువ్వూ చేపలు పట్టరాదటయ్యా?"

"నాకు నీళ్లంటే భయం ప్రభో."

పక్కనే కూర్చున్న నక్క నాగభూషణం చెవులు రిక్కించాడు. పదవి లేక ఆరేళ్లుగా ఒళ్లు నొప్పులతో బాధపడుతున్నాడు పాపం.

"మహారాజా, ఇది ఘోరమైన అసమానత. వెంటనే సంఘం వెయ్యాలి."

"ఎవరెవరితో?"

"నాతో."

అలా తిండి సమతుల్య సంఘం వెలిసింది. ఆశయం చాలా గొప్పది. చేపలు, పళ్లు, దుంపలు, జొన్న, ఈ నాలుగు బుట్టలూ సమానంగా నిండాలి. ఎక్కువ తెచ్చే పనిని కిందికి లాగాలి, తక్కువ తెచ్చే పనిని పైకి తొయ్యాలి.

"మరి రాజుగారి వేట సంగతేంటండీ?" అని బొర్రన్న అమాయకంగా అడిగాడు.

"అది తిండి సంపాదన కాదోయ్, పరిపాలన," అన్నాడు నాగభూషణం.

మొదటి సవరణ వచ్చింది. గంగులమ్మ మెడలో గంట కట్టుకునే ఏట్లో దిగాలి. జొన్న మాత్రం ఒక బుట్ట తెస్తే నాలుగు బుట్టల కింద జమ.

"గంట మోగితే చేపలు పారిపోవుటయ్యా?" అంది గంగులమ్మ.

"పారిపోవాలనే కదమ్మా కట్టింది!"

మర్నాడు తెల్లారేసరికి అడవంతా రైతులైపోయింది. గంగులమ్మ గంటతో సహా వచ్చింది, బొర్రన్న తలపాగా చుట్టి వచ్చాడు, చివరికి ఏనుగు కూడా కలుపు తీస్తానని వచ్చింది. చాప పరిచినంత పొలంలో నలభై జంతువులు! ఏనుగు కలుపు మొక్కని వెతుక్కుంటూ ఒక్క రౌండు తిరిగింది, అంతే. జొన్న చేను కాస్తా పేడ కళ్లాపి చల్లిన వాకిలిలా చదునైపోయింది.

"నా చేనో! నా జొన్నో!" అని కుప్పయ్య గుండెలు బాదుకున్నాడు.

"ఊరుకోవయ్యా, వ్యవసాయం మీద జనానికి మోజు పెరిగింది. సవరణ విజయవంతం," అని నాగభూషణం వెన్ను తట్టాడు.

రెండో సవరణలో జొన్నకి జమ తగ్గించి పళ్లకి పెంచాడు. ఇక చూస్కోండి, నలభై జంతువులూ చెట్లమీదే. ఎక్కలేని ఏనుగు చెట్టునే కిందికి దింపింది. పండు అయిపోతే కాయ, కాయ అయిపోతే పిందె, పిందె అయిపోతే పూత. నాలుగు రోజుల్లో చెట్లు గుండు గీయించుకున్నట్టు తయారయ్యాయి.

మూడో సవరణలో దుంపల్ని పెంచాడు. ఆ మాట చెవినపడగానే రత్తమ్మ పరుగున వెళ్లి నక్క కాళ్ల మీద పడింది.

"అయ్యా, మీ పుణ్యముంటుంది, నా పనిని పెంచకండి. ఆ గట్టొక్కటే నాకు ఆధారం. పసిగుడ్లు ముగ్గురున్నారు. ఈ వానల్లో వాళ్ల నోట్లో ఏం పెట్టను?"

"అదేంటి రత్తమ్మా! ఇన్నాళ్లూ వెనకబడ్డ పనిని పైకి తెస్తుంటే సంతోషించాలి గానీ ఏడుస్తారా ఎవరైనా?"

ఆ సాయంత్రానికి నలభై జంతువులూ గట్టుని గోకి గోకి పెట్టాయి. దొరికినవి దొరికినట్టు అక్కడే తినేశారు, ఎందుకంటే తవ్వితే ఆకలేస్తుంది కదా.

ఆషాఢం వచ్చింది. తుది పరిశీలన రోజున నాలుగు బుట్టలు తెచ్చి సింహరాజు ముందు పెట్టారు. నాగభూషణం ఒక్కో బుట్టలో తల దూర్చి చూశాడు. కళ్లు చెమ్మగిల్లాయి.

"సాధించాం మహారాజా! నాలుగూ సమానం!"

సింహరాజు కూడా తొంగిచూశాడు. "ఖాళీగా ఉన్నాయి కదయ్యా?"

"సమానంగా ఖాళీగా ఉన్నాయి ప్రభో. పూర్వం ఏ రాజ్యంలోనూ ఇంత ఖచ్చితంగా కుదర్లేదు."

సన్మానం జరిగింది. దండకి పువ్వుల్లేవు గనక ఎండుటాకులు వేశారు. సన్మానం మధ్యలోనే చినుకు మొదలైంది. నాగభూషణానికి తోక తడిస్తే జలుబు చేస్తుంది. ఒక్క ఉరుకులో బొరియలో దూరాడు.

మూడో రోజుకి రత్తమ్మ పిల్లలకి ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. చిన్నది తల్లి కాలు చప్పరిస్తూ పడుకుంది. రత్తమ్మ లేచింది. "సవరణా లేదు, నీ శ్రాద్ధమూ లేదు," అని ఆ కుండపోతలోనే గట్టు మీదికి పోయింది.

నలభై జంతువులు తవ్విన గట్టది. కానీ తవ్వడం రానివాళ్లు పైపైన గీకుతారు. అసలు దుంప మూరెడు లోతున ఉంటుందని తవ్వి బతికేదానికే తెలుసు. వానకి నేల వెన్నలా మెత్తబడింది. గంటలో రత్తమ్మ ఒడి నిండింది.

అది చూసి గంగులమ్మ గంట పీకి ఏట్లో పారేసి, ఒడ్డుకెక్కిన కొత్తనీటి చేపల్ని దొరకబుచ్చుకుంది. బొర్రన్న పుట్టల దగ్గర కూర్చుని, వానకి లేచిన ఉసిళ్లని పిడికిళ్లతో బుక్కాడు. కుప్పయ్య లేతగడ్డి మేస్తూ, ఇకమీదట ఎవరిమీదా ఫిర్యాదు చెయ్యనని చెంపలేసుకున్నాడు. రెండు నెలలు అడవిలో సంఘం లేదు, తనిఖీ లేదు. అందరూ శుభ్రంగా తిన్నారు.

వానలు వెలిశాక నాగభూషణం బయటికొచ్చాడు. బంతుల్లా దొర్లుతున్న రత్తమ్మ పిల్లల్ని చూసి తిన్నగా కొలువుకి పరిగెత్తాడు.

"మహారాజా, మూడో సవరణ ఫలితాలు అందాయి! పిల్లలు ఎలా బలిశారో మీరే చూడండి. వచ్చే ఏడు వానల్లోనూ తనిఖీ చేస్తే ఇంతకు రెట్టింపు సాధిస్తాం. కాకపోతే నాకో గొడుగు కావాలి."

"మంజూరు!" అన్నాడు సింహరాజు.

కొలువంతా నీరుగారిపోయింది. రత్తమ్మ ఒక్కతే ముందుకొచ్చి చేతులు జోడించింది.

"గొడుగు నేను కుడతానయ్యా. టేకాకులు అడవిలోనే ఉన్నాయి, సూదులకైతే నా ఒళ్లంతా సూదులే."

నాగభూషణం పొంగిపోయాడు. రత్తమ్మ పది రోజులు కూర్చుని కుట్టింది. ఒక్కో ఆకుకి కుట్టుకో చిల్లు, ఊరికే ఇంకో చిల్లు చొప్పున పొడిచింది. మరుసటేడు తొలకరికి నాగభూషణం ఆ గొడుగేసుకుని దర్జాగా తనిఖీకి బయల్దేరాడు, పది అడుగులు వేశాడు, పదకొండు తుమ్ములు తుమ్మాడు, మళ్లీ బొరియలోకి పోయి పడుకున్నాడు.

నీతి: జనం కడుపు నిండాలంటే అధికారి గొడుగుకి చిల్లులుండాలి.