ఎవరికీ తెలియని తాళంచెవి

పళ్ళ డాక్టరుగారికి ఒక్క దురలవాటు కూడా లేకపోవడమే ఆయన ఇల్లాలికి వచ్చిన కష్టం. తాగరు. పేకాడరు. గుర్రప్పందేల వైపు కన్నెత్తి చూడరు. వాటిలో ఏ ఒక్కటున్నా, నలుగురు ఆడవాళ్ళు చేరిన చోట ఆవిడ కూడా కళ్ళొత్తుకొని, తన వంతు సానుభూతి తాను పుచ్చుకొని ఇంటికి వచ్చేది. "మా ఆయన పాత రివాల్వర్లు పోగుచేస్తారండీ" అంటే మాత్రం ఎవరూ అయ్యో పాపం అనరు. కూర్చున్న కుర్చీ కాస్త వెనక్కి జరుపుకొంటారు.

నిజానికి జరుపుకోవలసిన అవసరమే లేదు. ఆ దేశంలో తుపాకుల చట్టం సామాన్యమైంది కాదు. పేలే తుపాకీ సంగతి అటుంచి, పేలనిది ఇంట్లో పెట్టుకోవాలన్నా సవాలక్ష షరతులు. గొట్టంలో సీసం పోసి మూసేయాలి. ఇనప బీరువాలో పెట్టాలి. ఆ బీరువాను బోల్టులతో గోడకు బిగించాలి. అన్నిటికంటే ముఖ్యం, బీరువా తాళంచెవి ఎక్కడుందో లైసెన్సున్న మనిషికి తప్ప ఇంట్లో మరో ప్రాణికి తెలియకూడదు. తెలిసిందా, లైసెన్సు రద్దు. రివాల్వర్లు ప్రభుత్వంవారి కొలిమిలోకి.

డాక్టరుగారు మిగతా షరతులన్నీ శ్రద్ధగా పాటించారు. ఈ చివరిదాన్ని మాత్రం భక్తిగా పాటించారు. నెలకొకసారి తలుపులు మూసుకొని తాళంచెవిని కొత్త చోట దాచి, బయటికి వచ్చి, ఏమీ ఎరగనట్టు ఈల వేసేవారు. ఆవిడా ఏమీ ఎరగనట్టు ఊరుకొనేది. ఆ ఇంట్లో దుమ్ము దులిపేదీ, ఊడ్చేదీ, సర్దేదీ తన భార్యేనన్న సంగతి ఆయనకు ఏనాడూ తట్టలేదు. ఆయన ఎక్కడ దాచినా వారం తిరక్కుండానే అది ఆవిడ చేతికి తగిలేది. ఉన్నచోటే మళ్ళీ పెట్టేసి, పెదవి కుట్టేసుకొనేది.

ఆ ఐదు రివాల్వర్ల మీద ఆవిడకు మోజేమీ లేదు. కానీ వారమంతా పరాయివాళ్ళ నోళ్ళలోకి తొంగిచూసే మనిషి, ఆదివారం పూట మెత్తటి గుడ్డతో వాటిని ఒక్కొక్కటే తుడుస్తూ కూనిరాగం తీస్తుంటే ఆవిడకు ఎందుకో కడుపు నిండినట్టుండేది. పైగా ఒకసారి లైసెన్సు ఆఫీసువాళ్ళు వాటిని పరీక్షకని పట్టుకెళ్ళిన వారంలో ఆయన వంటింట్లో చేరి, డబ్బాలు ఎత్తు ప్రకారం నిలబెట్టాలా, వాడకం ప్రకారం నిలబెట్టాలా అని ఆవిడతో సాయంత్రందాకా చర్చించారు. ఏమైనా సరే ఈ లైసెన్సు పోనివ్వకూడదని ఆవిడ ఆనాడే గట్టిగా నిశ్చయించుకుంది.

ఆ ఉదయం ఆవిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు ఆయుధాల ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తాడు. ఈలోగా ముందుగది దులపాలి, టీకి నీళ్ళు పెట్టాలి, ఆ తర్వాత నోరు మెదపకుండా కూర్చోవాలి. మొదటి పనిలోనే చెయ్యి జారింది.

ముందుగది షోకేసులో డాక్టరుగారు చదువుకొనే రోజుల్లో పోతపోసిన ప్లాస్టర్ దవడలు బారుగా ఉంటాయి. అందులో ఒకటి ఆవిడ చేతిలోంచి జారి, నేలమీద పడి రెండు ముక్కలైంది. బోలుగా ఉన్న అడుగులోంచి ఈ నెల తాళంచెవి ఖంగున దొర్లింది. స్నానాలగదిలో ఇంకా నీళ్ళ చప్పుడవుతోంది. ఆవిడ ముక్కల్ని చేటలోకి ఎత్తి, తాళంచెవిని చేతికందిన అత్తగారి గుండీల డబ్బాలో పడేసి, ముక్కలు అతికిద్దామని జిగురు కోసం లోపలికి పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. ఇన్‌స్పెక్టరు గంట ముందే వచ్చాడు.

ఆవిడ తలుపు తీసేలోపు ఇంకో సంగతి జరిగింది. దారపుండ కోసం వచ్చిన అత్తగారు గుండీల డబ్బా మూత తీసి, అందులో ఉన్నదాన్ని చూసి, అది ఏ బీరువా తాళంచెవో ఇట్టే పోల్చుకుంది. కొడుకు మతిమరుపుతో అక్కడ పడేశాడనుకొని, కన్నతల్లిగా తన బాధ్యత గుర్తు తెచ్చుకొని, దాన్ని తీసుకెళ్ళి పోయిన నెల ఎక్కడుండేదో అక్కడ, అంటే మంచం కింద ఉన్న నల్లబూట్లలో ఎడమదానిలో వేసి వచ్చింది. ఈ సంగతి కోడలికి తెలియదు. తాళం అసలు దవడలోంచి బయటపడిందనే తెలియదు డాక్టరుగారికి.

ఇన్‌స్పెక్టరు నిదానస్తుడు. బీరువా బోల్టులు ఒక్కొక్కటే తట్టి చూశాడు. కిటికీ ఊచలు లాగి చూశాడు. అట్టకు బిగించిన కాగితం మీద ఒక్కో అంశానికీ టిక్కు పెట్టుకొని అడిగాడు.

"తాళం ఎక్కడుందో ఇంట్లో ఎవరికైనా తెలుసా సార్?"

"పిల్లికి కూడా తెలియదు" అన్నారు డాక్టరుగారు గర్వంగా. "అమ్మా, నువ్వూ ఆవిడా కాస్త గోడవైపు తిరగండి. తాళం తీయాలి."

అత్తాకోడళ్ళు బుద్ధిగా గోడవైపు తిరిగారు. డాక్టరుగారు పిల్లిలా నడిచి షోకేసు దగ్గరికి వెళ్ళారు. దవడలు ఒక్కొక్కటే ఎత్తి దించుతున్న చప్పుడు వినిపించింది.

"ఇక్కడ ఒక వస్తువుండాలి" అన్నారు చివరికి.

"ఏ వస్తువండీ?" అంది ఇల్లాలు గోడతో.

"ఏదో ఒక వస్తువు."

"ఫలానాదని చెబితే వెతుకుతాను కదా."

"చెప్పకూడదు. చెబితే నీకు తెలుస్తుంది."

ఆవిడ నాలుక చివరిదాకా వచ్చిన దవడను మింగేసింది. తాను చెబితే తెలిసినట్టవుతుంది, చెప్పకపోతే బీరువా తెరుచుకోదు. ఎటు చూసినా కొలిమే. ఇక మిగిలింది ఒకటే దారి. తాళం ఆయన చేతికి, ఆయన చేతే దొరకాలి. ఆవిడ గోడవైపు నుంచి తిరిగి, సరాసరి భర్త దగ్గరికి నడిచింది.

"అయ్యో, చొక్కా గుండీ వేలాడుతోందండీ" అంటూ దిట్టంగా ఉన్న గుండీని పట్టుకొని ఒక్క లాగు లాగింది. అది రాలేదు. బలం కూడదీసుకొని మళ్ళీ లాగింది. ఈసారి గుండీతోపాటు కొంత గుడ్డా వచ్చింది.

"ఏంటోయ్ ఇది?"

"ఊడింది. వెళ్ళి గుండీల డబ్బా తెచ్చుకోండి. మీరే తెచ్చుకోండి. మూత మీరే తీయండి."

"ఆఫీసరుగారు నిలబడుంటే గుండీలేంటి నీకు?"

"ఆఫీసరుగారి ముందు చిరుగు కనబడితే బావుంటుందా?"

డాక్టరుగారు విసుక్కుంటూ డబ్బా తెచ్చి, ఆవిడ చూపుల తీవ్రత భరించలేక బల్లమీద బోర్లించారు. గుండీలన్నీ దొర్లాయి. తాళంచెవి లేదు. ఆవిడ డబ్బాను తలకిందులు చేసి అడుగున రెండు చరుపులు చరిచింది. ఒక హుక్కు రాలింది.

"అమ్మగారు దేనికోసమో వెతుకుతున్నట్టున్నారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తెల్లగుండీ కోసం" అంది ఆవిడ, ఎదురుగా గుట్టగా పడున్న తెల్లగుండీల వైపు చూడకుండా.

ఇక లాభం లేదని అత్తగారు రంగంలోకి దిగింది. "ఒరేయ్ అబ్బాయ్, పెద్దమనిషి వస్తే వట్టి కాళ్ళతో నిలబడతావేంట్రా. బూట్లు వేసుకో."

"ఇంట్లో బూట్లేంటమ్మా?"

"నల్లవి. మంచం కిందున్నాయి. ముందు ఎడమది వేసుకో."

"అవి నాకు పట్టవే. బిగుతు."

"పట్టేదాకా తొయ్యి."

"అత్తయ్యా, ఇప్పుడు బూట్ల గొడవెందుకు? ముందు గుండీ సంగతి తేల్చనివ్వండి" అంది కోడలు. తాళం డబ్బాలోనే ఎక్కడో ఇరుక్కుందని ఆవిడకు ఇంకా ఆశ ఉంది.

"నీ గుండీలు ఎక్కడికీ పోవమ్మాయ్. వాణ్ణి బూటు వేసుకోనీ."

"గుండీ లేకుండా బూటేంటి?"

"బూటు లేకుండా గుండీ ఏంటి?"

ఇన్‌స్పెక్టరు ఉద్యోగంలో చాలా ఇళ్ళు చూశాడు. భర్త చొక్కా చింపే భార్యనూ, కొడుక్కి ఒక కాలికి బూటు తొడగాలని పట్టుబట్టే తల్లినీ ఒకే గదిలో చూడటం ఇదే మొదలు. అతను మర్యాదగా ఒక అడుగు వెనక్కి వేసి, తలుపు ఎంత దూరముందో చూసుకున్నాడు.

గోల ఆగాలంటే బూటు వేసుకోవడమే మేలని డాక్టరుగారికి అనిపించింది. వెళ్ళి బూట్లు తెచ్చుకొని, కూర్చొని, ఎడమకాలు దూర్చి, తల్లి చెప్పినట్టు తోశారు. బొటనవేలు ఇనుముకు కొట్టుకుంది. ఆయన మొహంలో నొప్పి, ఆశ్చర్యం, ఆనందం ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వాటన్నిటినీ సర్దేసుకొని, బూటులోంచి తాళంచెవి తీసి పైకెత్తి చూపించారు.

"చూశారా సార్. నేను పెట్టిన చోట పెట్టినట్టే ఉంది."

"మరి ఇందాక షోకేసులో వెతికారు?"

"అది వీళ్ళను తప్పుదారి పట్టించడానికి" అన్నారు డాక్టరుగారు కుంటుతూ.

ఇల్లాలు ఊపిరి పీల్చుకుంది. తాళం డబ్బాలోంచి బూటులోకి ఎలా నడిచిందో ఆవిడకు అంతుబట్టలేదు గానీ, అత్తగారు పైకప్పు వైపు చూస్తున్న తీరును బట్టి సగం అర్థమైంది. బీరువా తెరుచుకుంది. ఐదు రివాల్వర్లూ తళతళలాడుతూ బయటికి వచ్చాయి. ఇన్‌స్పెక్టరు ఒక్కోదాని గొట్టంలో పుల్ల పెట్టి చూసి తృప్తిగా తలాడించాడు. ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళబోయింది.

"ఇక చివరి అంశం" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇక్కడే చిక్కొచ్చింది సార్. లైసెన్సు రద్దు చేయాలి."

"దేనికి?"

"నిబంధన మారింది. లైసెన్సుదార్లు తాళం ఎక్కడ దాచారో మరిచిపోతున్నారు. కొందరు ఎవరికీ చెప్పకుండానే పోయారు. వాళ్ళ బీరువాలు కోయించలేక మా ప్రాణాలు పోతున్నాయి. అందుకని ఇంట్లో ఇద్దరికి తెలిసుండాలన్నారు. ఇద్దరికే, మూడో మనిషికి కూడదు. మీ ఇంట్లో పిల్లికి కూడా తెలియదన్నారు కదా, రాసేసుకున్నాను."

"ఇప్పుడే చెప్పేస్తాను ఆవిడకి."

"కుదరదు సార్. నేను గడప తొక్కేనాటికే తెలిసుండాలి." అతను సంచి మూతి విప్పి, మొదటి రివాల్వరును గుడ్డలో చుట్టాడు. రెండోదాన్నీ చుట్టాడు.

తుడవడానికి తీసిన మెత్తటి గుడ్డ డాక్టరుగారి చేతిలోనే ఉండిపోయింది. ఆయన మొహం చూసి ఇల్లాలు మనసులో ఒక నిర్ణయానికి వచ్చింది. ఇందాకటిదాకా తెలియదని నమ్మించడానికి ఎంత పట్టుదల చూపిందో, అంతకు రెట్టింపు పట్టుదలతో ఇన్‌స్పెక్టరుకూ సంచికీ అడ్డంగా నిలబడింది.

"నాకు తెలుసు" అంది.

"పాపం, నాకోసం అబద్ధమాడుతోంది సార్" అన్నారు డాక్టరుగారు. "దీనికేం తెలియదు. ఒట్టి అమాయకురాలు."

"మీరు కాసేపు ఊరుకోండి." ఆవిడ లోపలికెళ్ళి చేట తెచ్చి బల్లమీద పెట్టింది. "ఈ నెల దాచింది బూటులో కాదు, ఈ దవడలో. పొద్దున నా చేతిలోనే పగిలింది. బూటు పోయిన నెల. దానికి ముందు గొడుగు మడతల్లో. దానికి ముందు గడియారం వెనక. ఒకసారి చక్కెర డబ్బా అడుగున పెట్టారు. చక్కెర రోజూ తీసేది ఎవరో ఆలోచించలేదు."

ఇన్‌స్పెక్టరు దవడముక్కను తీసి, అడుగు బోలులో తాళంచెవి ఉంచి చూశాడు. గుంటలో కుదురుగా కూర్చుంది.

"మరి బూటులోకి ఎలా వెళ్ళింది?" అన్నారు డాక్టరుగారు.

"నేనేశాన్రా" అంది అత్తగారు. "నువ్వు పూలకుండీ కింద దాచినప్పుడు కూడా, తడికి తుప్పు పడుతుందని తీసి తుడిచి, నూనె రాసి పెట్టింది నేనే. తలగడ గలీబులో పెట్టుకొని రాత్రంతా పొర్లావు చూడు, అప్పుడు మాత్రం నీ పెళ్ళాం అటూ నేను ఇటూ నవ్వుకున్నాం."

"మీకూ తెలుసా అత్తయ్యా?" అంది కోడలు. "నేను ఒక్కదాన్నే నవ్వుకున్నాననుకున్నాను."

డాక్టరుగారు కుర్చీలో కూలబడ్డారు. ఒక కాలికి బూటు, చొక్కాకు చిరుగు. ఇన్‌స్పెక్టరు కొత్త కాగితం తీసి, కలం విదిలించాడు.

"లైసెన్సుదారు నోటితో చెప్పాలి సార్. ముందు చెప్పింది నిజమా, ఇది నిజమా? తాళం ఎక్కడుందో ఈ ఇంట్లో ఎవరెవరికి తెలుసు?"

డాక్టరుగారు గుడ్డలో చుట్టిన రెండు రివాల్వర్లనూ, చుట్టకుండా మిగిలిన మూడింటినీ చూశారు. తల్లిని చూశారు. పెళ్ళాన్ని ఇంకాస్త ఎక్కువసేపు చూశారు.

"నేనే పొరబడ్డానండీ" అన్నారు. "ఇన్నాళ్ళూ తాళం నా ఒక్కడికే తెలుసనుకున్నాను. రాసుకోండి. పొద్దుట్నుంచి అదెక్కడుందో తెలియనిది ఈ ఇంట్లో నాకొక్కడికే."

ఇన్‌స్పెక్టరు ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకొని, తెలిసినవాళ్ళు ఇద్దరూ అత్తాకోడళ్ళే కనుక నిబంధన సరిపోయిందని రివాల్వర్లు తిరిగి బీరువాలో పెట్టించి, వాళ్ళు తాళంచెవి దాచేదాకా డాక్టరుగారిని కాసేపు వీధిలో నిలబడమన్నాడు.