బస్సుకొక బి.కాం.

మన జిల్లాలో తిరిగే ప్రతి బస్సుకూ ఒక బి.కాం. ప్యాసైనవాణ్ణి మేనేజరుగా పెట్టాలని నేను గట్టిగా కోరుతున్నాను. నవ్వకండి! డ్రైవరు ఒక రోజు రాకపోయినా బస్సు కొంప మునగదు. మేనేజిమెంటు లేకపోతే మాత్రం అది ఉత్త ఇనప డబ్బా. ఈ సత్యాన్ని నాకు బోధపరిచింది గుడివాడ ధర్మారావు గారి బస్సు.

ధర్మారావు గారు రైతు. మూడెకరాలు అమ్మి గుడివాడ నుంచి పామర్రు మీదుగా బందరుకు ఒక బస్సు వేశారు. మరో రెండెకరాలు అమ్మి, కొడుకు పూర్ణచంద్రరావును బొంబాయి పంపించి బి.కాం. చదివించారు.

ఆ బస్సుకు మొదటినుంచీ అబ్బులు డ్రైవరు. అక్షరమ్ముక్క రాదు. అతగాడి అఘాయిత్యాలు వింటే మీ ఒళ్ళు జలదరిస్తుంది. కోర్టు వాయిదా ఉన్న రోజున దావాలాడే పిచ్చేశ్వరరావు గారి సందు మొదట బస్సాపి, ఆయన చద్దన్నం ముగించేదాకా హారను మోగిస్తూ కూర్చునేవాడు. జ్వరం తగిలిన పిల్లను భుజాన వేసుకుని ఎవరైనా పొలం గట్టు మీద పరుగెత్తి వస్తుంటే, అల్లంత దూరాన్నే చూసి ఆపేవాడు. బస్సు బురదలో దిగబడితే ధర్మారావు గారే పంచె ఎగగట్టి తోసేవారు. వెనక ప్రయాణికులూ ఒక చెయ్యి వేసేవారు. యజమాని ఎవరో ప్రయాణికుడెవరో తెలియని అరాచకం! బస్సు నిండా జనం ఉండేవారంటే, అది మూర్ఖత్వానికి దొరికే అదృష్టం తప్ప మరేమీ కాదు.

1938 వేసవిలో పూర్ణచంద్రరావు పట్టా పుచ్చుకుని దిగాడు. వారం తిరక్కుండా షెడ్డు గోడకు ఒక చార్టు వేలాడింది. అన్నిటికన్న పైన మేనేజింగు డైరెక్టరు. ఆ కింద ట్రాఫిక్ సూపరింటెండెంటు. ఆ కింద ఇంకో నాలుగు గళ్ళు. గళ్ళు ఆరు, బస్సు ఒకటి! ఇంగ్లండులో కూడా ఇంత నిండైన సంస్థ ఉండదని నా నమ్మకం.

"నువ్వు దారి పొడుగునా ఆపుతున్నావు. ఇదంతా వేస్టేజి," అన్నాడు పూర్ణచంద్రరావు అబ్బులుతో.

"మనుషుల్ని ఎక్కించుకోవడం వేస్టేజేంట్రా?" అన్నారు అక్కడే ఉన్న ధర్మారావు గారు.

"టైముకి రాని మనుషుల్ని ఎక్కించుకోవడం వేస్టేజి నాన్నా. టెక్స్టుబుక్కులో ఉంది."

టెక్స్టుబుక్కులో ఉందన్నాక ఆ తండ్రి కండువా దులుపుకుని లేచాడు. ఆ పుస్తకం కోసం పొలం అమ్మినవాడు దాన్ని తప్పంటాడా?

నేను ప్లీడరు గారి దగ్గర గుమాస్తాను గనక నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు. ఒక సాయంత్రం అబ్బులు నా దగ్గరికి ఒక కాగితం తెచ్చి చదివి పెట్టమన్నాడు. టైపు కొట్టిన ఇంగ్లీషు. "ఎఫిషియన్సీ దృష్ట్యా నిన్ను సర్వీసు నుంచి విముక్తుణ్ణి చేయడమైనది" అని ఉంది.

"అంటే రేపట్నుంచి రావొద్దనా అండీ?"

"అంతే అబ్బులూ."

అతను కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఎనిమిదేళ్ళయిందండీ. ఆ ముక్క పెద్దబాబుగారు నోటితో చెప్తే పోయేదిగా," అన్నాడు.

చూశారా చదువు మహిమ? తండ్రి నోట రాని మాటను కొడుకు ఒక్క వాక్యంలో టైపు కొట్టించాడు!

కొత్త డ్రైవరుకు ఒక గడియారం ఇచ్చారు. బస్సు ఏడింటికి గుడివాడలో బయల్దేరాలి, ఏడూ నలభైకి పామర్రు వదలాలి, తొమ్మిదింటికి బందరులో ఉండాలి. ఉండేది కూడా!

శ్రావణమాసంలో ఒక రోజు, పామర్రులో ఏడూ నలభై అయింది. కూచిపూడి దారిన ఒక బండి వస్తోంది. అందులో నిండు నెలల కనకదుర్గ నొప్పులు పడుతోంది. ఆమెను బందరు ఆస్పత్రికి తీసుకెళ్ళాలని తల్లి సత్యవతమ్మ బండి దిగి, బురదలో పరుగెత్తుకుంటూ చెయ్యి ఊపింది. "బాబూ, ఒక్క నిమిషం! బిడ్డకి నొప్పులు బాబూ!" అని అరిచింది.

డ్రైవరు, పక్కన కూర్చున్న పూర్ణచంద్రరావు వంక చూశాడు. పూర్ణచంద్రరావు గడియారం వంక చూశాడు. బస్సు కదిలింది. లోపల ఏడుగురు ప్రయాణికులున్నారు. వెనక్కి తిరిగి చూశారు. ఒక్కరూ మాట్లాడలేదు. ఆనాడు బస్సు బందరుకు ఒక్క నిమిషం తేడా లేకుండా చేరింది.

అదృష్టమో దురదృష్టమో, పని వెతుక్కుంటూ అబ్బులు ఆ ఉదయం పామర్రులోనే ఉన్నాడు. బందరు వెళ్ళే వడ్ల లారీ కనిపిస్తే అడ్డంగా నిలబడి ఆపాడు. బస్తాల మీద గడ్డి పరిచి, తల్లీకూతుళ్ళను ఎక్కించి, తానూ వెంట వెళ్ళాడు. ఆస్పత్రి చేరిన పావుగంటకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. లారీకి టైము టేబులు లేకపోవడం వల్ల జరిగిన పొరపాటిది!

ఆ తర్వాత పామర్రులో ఒక్కరూ ఆ బస్సెక్కలేదు. రెండు నెలలపాటు అది క్షణం తప్పకుండా, ఖాళీగా తిరిగింది. పూర్ణచంద్రరావు ఇరవై పేజీల రిపోర్టు రాశాడు. లోపం ప్రయాణికుల్లో ఉందని అందులో తేలింది. ధర్మారావు గారు బస్సును పామర్రు వర్తకుడికి అమ్మేశారు. ఆ వర్తకుడు మొదట చేసిన పని అబ్బులును పిలిపించడం.

పూర్ణచంద్రరావుకేం లోటు? ఎక్కడో కొత్తగా కామర్సు క్లాసులు పెట్టిన కాలేజీలో లెక్చరరుగా తీసుకున్నారు. దరఖాస్తులో 'రవాణా సంస్థ నడిపిన అనుభవం' అని రాశాడట. ఇప్పుడు అరవై మంది కుర్రాళ్ళకు బస్సు నడపడం చెప్తున్నాడు.

ఈ శుభవార్త విని పలకరిద్దామని ధర్మారావు గారింటికి వెళ్ళాను. ఆయన ఖాళీ షెడ్డులో మంచం వేసుకుని కూర్చున్నారు.

"ఏం చదువులండీ ఇవి! మనిషి మీద జాలి లేని చదువులు," అన్నాను ఓదార్పుగా.

ఆయన నా మొహంలోకి చూశారు.

"పామర్రులో ఆ రోజు మీరూ బస్సులోనే ఉన్నారటగా?"

"ఉన్నానండీ."

"మావాడంటే బి.కాం. చదివొచ్చాడు. మరి మీరెందుకు ఆపమనలేదండీ?"

ఆ రోజు పది గంటలకు బందరు కోర్టులో పని ఉండింది నాకు. బస్సు టైముకు కదిలినందుకు లోలోపల సంతోషించాను. ఆ మాట ఆయన ముందు అనలేక లేచి వచ్చేశాను. ఇక్కడైతే రాయగలుగుతున్నాను. ఆయన పత్రికలు చదవరు.