కుటుంబ సమేతంగా సీసీ కెమెరా

సెలవుల్లో సెల్‌ఫోన్ చూసేవాణ్ణి తిట్టకండి! అందులో అంగడి సీసీ కెమెరా చూసేవాణ్ణి అసలే తిట్టకండి! కుటుంబాలను కలిపి ఉంచే మహత్తర సాధనం ఈ భూమ్మీద ఏదైనా ఉందంటే అది అంగడి పైకప్పుకు వేలాడే ఆ గుండ్రటి కన్నే. నమ్మకం లేదా? అయితే తిరువళ్లూరు గుర్నాథం గారి సంగతి వినండి.

గుర్నాథం గారికి బజారు వీధిలో స్టీలు పాత్రల అంగడి ఉంది. నలభై రెండేళ్లలో ఆయన దాన్ని వదిలి ఉన్నది రెండే సందర్భాల్లో. ఒకటి సొంత పెళ్లి, రెండోది కొడుకు పెళ్లి. రెండో దానికైతే ముహూర్తానికి ముందు ఒకసారి అంగడి దాకా వెళ్లి చూసి వచ్చారని గిట్టనివాళ్లు అంటారు. అలాంటి మనిషి ఇప్పుడు ప్రతి మే నెలలో భార్య, కొడుకు, కోడలు, మనవరాలితో తిరుత్తణి కొండ కింద మామిడి తోపులో ఒక చెక్క క్యాబిన్ అద్దెకు తీసుకుని ఐదు రోజులు గడుపుతున్నారు! ఎవరి చలవ? కెమెరా చలవ! నాలుగేళ్ల కిందట కొడుకు విజయ్ అంగడిలో నాలుగు కెమెరాలు పెట్టించి, అవి నాన్న ఫోనులో కనబడే ఏర్పాటు చేశాడు. ఆ మర్నాడే ఆయన సెలవులకు ఒప్పుకున్నారు.

ఈ ఏడూ బయల్దేరారు. కారు దారిలోని కనకమ్మ సత్రం ఊరు చేరకముందే ఆయన అంగడిలో మూడు తప్పులు పట్టేశారు. మనిషి లేని చోట ఫ్యాను తిరుగుతోంది. గంటెల గుత్తి ఒక పక్కకు వాలింది. మురుగేశ్ టీకి వెళ్లి తొమ్మిది నిమిషాలైంది. ఈ మురుగేశ్ ఇరవై ఏళ్లుగా అంగడిలో పనిచేస్తున్న మనిషి. తాను టీ అంత నెమ్మదిగా తాగుతానని పాపం ఆయనకే తెలియదు.

కెమెరాలో మైకుంది, స్పీకరుంది. "ఏంప్పా మురుగేశూ, యాడికి పోయినావు?" అని తిరుత్తణిలో గర్జిస్తే తిరువళ్లూరులో అంగడి పైకప్పు పలుకుతుంది. బిందె బేరమాడుతున్న ఒక పెద్దావిడ, "తగ్గించేది లేదమ్మా!" అని పైనుంచి వినబడేసరికి చెంపలు వేసుకుని, చెప్పిన ధరకే కొనుక్కుని వెళ్లింది!

లోకంలో తాతలంతా సెలవుల్లో గురకపెట్టి నిద్రపోతారు. ఈ తాత మేలుకునే ఉన్నారు. ఇది ఆరోగ్యం కాదా? భార్య అలమేలుమంగమ్మ వడ్డించిన మామిడికాయ పప్పుకు ఒక్క వంక పెట్టలేదు. రుచి తెలిస్తే కదా! ఇది సంసారానికి శాంతి కాదా? కోడలు విద్యాలక్ష్మి తీసిన నూట పన్నెండు ఫోటోల్లోనూ ఆయన తల వంచుకునే ఉన్నారు. ఇంత వినయం ఈ రోజుల్లో ఎవరికుంది చెప్పండి!

ఒక్క ధాత్రికే ఇది నచ్చలేదు. ధాత్రి తొమ్మిదేళ్ల మనవరాలు. ఏడాదంతా మిద్దె మీద స్కిప్పింగ్ నేర్చుకుంది. తాడు తగలకుండా నూరు ఎగురుతుంది. ముందు తాతే చూడాలని ఇంట్లో ఎవరికీ చూపకుండా దాచుకుంది. ఊళ్లో ఉంటే తాత అంగడి మనిషి, చేతికి దొరకడు. సెలవుల్లోనైనా దొరక్కపోతాడా అని దాని ఆశ.

మొదటి రోజు, "తాతా, నన్ను చూడు!" అంది. "భేష్! భేష్!" అన్నారు తాత. అది ఇంకా తాడు విప్పనే లేదు! రెండో రోజు యాభై దాకా వచ్చాక ఆయన కదిలారు. చూస్తున్నారనుకుని పొంగిపోయింది. ఫోను మీద ఎండ పడుతోందని కుర్చీ తిప్పుకున్నారంతే. మూడో రోజు తాడు ఒళ్లో పెట్టుకుని క్యాబిన్ మెట్టు మీద కూర్చుంది. దాని మొహం చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. చూస్తే కదా!

ఆ పొద్దునే ఒక ఘోరం బయటపడింది. ఊరందరికీ పాత్రలమ్మే ఇంటివాళ్లు ఇడ్లీ పాత్ర మరచి వచ్చారు! గ్రైండరు తెచ్చారు, పిండి రుబ్బారు, అది పొంగి సిద్ధంగా ఉంది. పాత్ర లేదు.

"తిరుత్తణిలో ఒకటి కొందామా నాయనా?" అన్నాడు విజయ్.

"అంగడి పెట్టుకుని ఇంకొకరి అంగట్లో ఇడ్లీ పాత్ర కొంటే నలుగురూ నవ్వరా? పోయి మనదే తీసుకురా!" అన్నారు గుర్నాథం గారు తలెత్తకుండానే.

విజయ్ కారు తీశాడు. నేనూ వస్తానని ధాత్రి ఎక్కింది. అది వెళ్లిన సంగతి తాతకు తెలియదని వేరే చెప్పాలా?

గంటన్నర తర్వాత మూడో కెమెరాలో ఒక పిల్ల కనబడింది. బిందెల వరుసకూ తపేలాల దొంతరకూ మధ్య నిలబడి తాడు విప్పింది. గుర్నాథం గారు కుర్చీలోంచి లేచారు.

"అయ్యయ్యో, దొంతర! ఎవరీ పిల్ల?"

"మన ధాత్రేనండీ," అంది అలమేలుమంగమ్మ.

తాడు తిరిగింది. తపేలాలకు జానెడు దూరంలో తిరిగింది. ఆయన రెప్ప వేస్తే ఒట్టు! ఇరవై దాకా తపేలాలనే చూశారు. యాభై దగ్గర పిల్ల కాళ్లు ఎంత ఒడుపుగా లేస్తున్నాయో గమనించారు. డెబ్బై నుంచి ఆయనే పైకి లెక్కపెట్టసాగారు. తొంభై తొమ్మిది... నూరు! ఒక్క గిన్నె కదల్లేదు. "శభాష్ రా నా బంగారూ!" అని ఆయన అరిస్తే అక్కడ కప్పు దద్దరిల్లింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

చూశారా కెమెరా మహిమ! నాలుగడుగుల దూరంలో మూడు రోజులు కనబడని మనవరాలిని నలభై కిలోమీటర్ల నుంచి ఎంత చక్కగా చూపించింది!

"సీక్రం వచ్చేయి తల్లీ! ఈడ నా ముందర ఇంకోతూరి ఆడల్ల," అన్నారు తాత.

ధాత్రి తలెత్తి కెమెరాలోకి చూసింది. "వద్దు తాతా. ఆడికొస్తే నువ్వు నన్ను చూడవు. మళ్లా చూడాలంటే చెప్పు, ఈన్నే ఆడతాను."

అలమేలుమంగమ్మ అందుకుంది.

"పిల్ల చెప్పిందే బాగుండాది. వచ్చే ఏడు మేమందరం పోయి అయిదు దినాలూ అంగట్లో ఉంటాము. మీరొక్కరే ఈ క్యాబిన్‌లో కూర్చోండి. అప్పుడైనా మమ్మల్ని చూస్తారు."