ముప్పై ఎనిమిది పెన్నీల ధనవంతుడు

పొదుపు పుణ్యమా, నేరమా అన్న సందేహం ఎల్విన్ ప్రాసర్‌ను పంతొమ్మిదేళ్లుగా వదల్లేదు. ఆదివారం చాపెల్‌లో అది పుణ్యం. సోమవారం సర్కారు సాయాల కార్యాలయంలో అది నేరం. రెండుచోట్లా చెప్పేవాళ్లు పెద్దమనుషులే. ఎల్విన్‌కు దైవభక్తీ ఉంది, చట్టమంటే గౌరవమూ ఉంది. కాబట్టి ఆదివారం కూడబెట్టేవాడు, సోమవారం సిగ్గుపడేవాడు.

వేల్స్ లోయల్లో వాన కురవని రోజు చూసి ఇంటికప్పులు బాగుచేయడం అతని వృత్తి. అలాంటి రోజు కోసం కాచుకుని, ముప్పై మూడో ఏట ఓ కప్పెక్కి, జారి కిందపడ్డాడు. అప్పటినుంచి కాళ్లు పనిచేయడం మానేశాయి. దయగల ప్రభుత్వం అతనికి రెండు కిటికీలు తెరిచింది. మొదటి కిటికీ కాళ్లను చూస్తుంది, పర్సు సంగతి అడగదు. కొన్నేళ్లకోసారి కాళ్లు తిరిగొచ్చాయేమోనని మాత్రం మర్యాదగా ఆరా తీస్తుంది. రెండో కిటికీ పర్సును చూస్తుంది. ఇంటి అద్దె వచ్చేది ఆ రెండో కిటికీలోంచే.

ఆ కిటికీ దగ్గర పేదరికానికి కచ్చితమైన కొలత ఉంది. ఆరువేల పౌండ్ల వరకు దాచుకున్నవాడు నిఖార్సైన పేదవాడు. ఆపైన ప్రతి రెండువందల యాభైకీ నెలకు నాలుగు పౌండ్ల ముప్పై అయిదు పెన్నీల రాబడి వస్తోందని ఊహించి, ఆ ఊహను సాయంలోంచి కోసేస్తారు. పదహారువేలు దాటితే ఇక మనిషి పేదవాడే కాదు, అద్దె తానే కట్టుకోవాలి.

ఎల్విన్ డబ్బుకు బ్యాంకు ఏడాదికి ఇచ్చేది పదహారు పౌండ్లు. కార్యాలయం ఊహించేది రెండువేల పైచిలుకు. అంత వడ్డీ ఇచ్చే బ్యాంకు ఎక్కడుందో చెబితే తన డబ్బంతా అక్కడే వేసుకుంటానని ఎల్విన్ వినయంగా ఉత్తరం రాశాడు. డబ్బు విషయాల్లో సలహాలివ్వడం తమ పరిధిలోకి రాదని అంతే వినయంగా జవాబొచ్చింది.

ఇంతకీ అతను కూడబెడుతున్నది ఓ కుర్చీ కోసం. మీట నొక్కితే మనిషిని నడుముకు కట్టి పైకి లేపి నిలబెట్టే చక్రాల కుర్చీ అది. చాపెల్‌లో పాట ఎత్తుకునే ముందు పాస్టరు ఇడ్రిస్ గారు "నిలబడగలిగినవారందరూ నిలబడండి" అంటారు. ఇరవైమూడేళ్లుగా ఎల్విన్ ముందువరుస వాళ్ల కోట్ల వెనకభాగాలకే స్తుతిగీతాలు వినిపిస్తున్నాడు. ఒక్క పాటైనా నిలబడి పాడాలని అతని కోరిక.

కుర్చీ ధర పదిహేడువేల నాలుగువందలు. కొలతలు తీసి చేయాలి కాబట్టి మొత్తం ముందే కట్టాలి, వాయిదాలు కుదరవు. పదహారువేలు దాటిన నెలనుంచే అద్దె నెత్తిన పడుతుంది. నెలకు ఐదువందల చొప్పున కుర్చీకి ముందు చక్రాలు, తర్వాత చేతులు, ఆనక వీపు కరిగిపోతాయి. అందుకని ఎల్విన్ కుర్చీ ధర తగ్గాలని, లేదంటే సర్కారు గీసిన పదహారువేల గీత పెరగాలని రోజూ ప్రార్థించాడు. ధర పెరిగింది. గీత మాత్రం ఏళ్ల తరబడి స్థిరచిత్తంతో అక్కడే నిలిచింది. దేశంలో కాళ్లు లేకుండానే అంత గట్టిగా నిలబడ్డది అదొక్కటే.

ఏప్రిల్లో బ్యాంకు వడ్డీ వేసింది. ఎల్విన్ నిల్వ పదహారువేల పౌండ్ల ముప్పై ఎనిమిది పెన్నీలైంది. సోమవారంతో నెల లెక్క ముగుస్తుంది. ఆలోగా అర పౌండు కూడా లేని ఆ ముప్పై ఎనిమిది పెన్నీల సంపదను వదిలించుకోకపోతే ఇల్లు, కుర్చీ రెండూ పోతాయి.

ఇంకొకడైతే బజారుకెళ్లి గప్‌చుప్‌గా ఓ కేకు కొనుక్కుని తినేసేవాడు. ఎల్విన్ నిజాయితీపరుడు. చేయబోయే పని ముందుగా తెలియజేయడం పౌరుడి ధర్మమనుకుని కార్యాలయానికి ఫోన్ చేశాడు. అరగంట సంగీతం తర్వాత టామ్సిన్ అనే అమ్మాయి పలికింది.

"గీత కిందికి దిగాలమ్మా. కేకు కొనుక్కుని తినొచ్చా?"

"నిక్షేపంగా తినండి ప్రాసర్ గారూ. ఆకలేసి తింటే అది ఖర్చు. గీత దిగాలని తింటే ఉద్దేశపూర్వక ధనక్షయం. అప్పుడు ఆ డబ్బు మీ దగ్గరే ఉన్నట్టు లెక్కేస్తామండీ."

"అయితే ఆకలేసే తింటాలే."

"అయ్యో, ఉద్దేశం ముందే చెప్పేశారు కదండీ. కాల్ రికార్డవుతోంది."

"మరేం చెయ్యమంటావమ్మా?"

"ఇంట్లో పాడైన వస్తువుంటే మార్చుకోవచ్చండీ. ఫ్రిజ్జు?"

"పనిచేస్తోంది."

"హీటరు?"

"మొన్ననే నేనే బాగుచేశా."

"పాడైనదంటూ ఏదీ లేదాండీ?"

"కాళ్లున్నాయి."

"అవి వేరే విభాగమండీ." కాసేపు కాగితాల చప్పుడు. "ఒక దారుంది. అప్పు తీర్చడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. ఉద్దేశంతో పనే లేదు. మీకు అప్పులెంత ఉన్నాయి?"

"ఒక్క పెన్నీ లేదమ్మా. పుట్టి బుద్ధెరిగాక ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు," అన్నాడు ఎల్విన్ గర్వంగా.

"అయ్యో పాపం," అంది టామ్సిన్, మనస్ఫూర్తిగా.

ఆ వారమంతా ఎల్విన్ తన అప్పుల కోసం ఊరంతా చక్రాలరగదీశాడు. చిల్లరకొట్టులో అడిగాడు. "నీకేం బాకీరా! నీలాంటోళ్లు పదిమందుంటే నేను ఖాతా పుస్తకమే కొనక్కర్లేదు," అన్నాడు కొట్టువాడు. మంగలి కూడా అలాగే మెచ్చుకున్నాడు. వీధి చివర అయిదు క్రెడిట్ కార్డులకు బాకీపడి దర్జాగా పైపు కాలుస్తున్న పెద్దమనిషిని చూసి ఎల్విన్‌కు మొదటిసారి అసూయ కలిగింది. దూరదృష్టి అంటే అతనిదే అనిపించింది.

శనివారం పక్కింటి మాయిర్ ఆంటీ ఎండుద్రాక్ష రొట్టెలు పట్టుకొచ్చింది. ఆమెకు డెబ్బై తొమ్మిదేళ్లు. చాపెల్ కోశాధికారి ఆమే.

"ఆంటీ, నేను నీకేమైనా బాకీ ఉన్నానా?" ఆశ వదులుకుంటూ అడిగాడు.

"లేకేం," అంది ఆమె టీ కలుపుతూ. "నీ తొమ్మిదో ఏట సండేస్కూలు పిల్లల్ని వెంటేసుకుని బస్సులో సముద్రానికెళ్లలా? మీ అమ్మ దగ్గర చిల్లర లేదంటే నీ టిక్కెట్టు నేనే కొన్నా. యాభై పెన్నీలు. వచ్చేవారం ఇస్తానంది మహాతల్లి. నలభై ఏడేళ్లయింది."

ఎల్విన్ కళ్లు చెమర్చాయి. "ఇన్నేళ్లూ అడగలేదేం ఆంటీ?"

"అడిగితే ఇచ్చేద్దువు. ఇచ్చేస్తే నీ మీద నాకు పైచెయ్యేముంటుందిరా?"

అక్కడికక్కడే నాణెం తీశాడు. ఆమె పుచ్చుకోలేదు. సర్కారు వ్యవహారం కదా, రసీదు లేకుండా కుదరదు, రసీదు పుస్తకం చాపెల్‌లో ఉంది, రేపు రమ్మంది.

ఆదివారం పాస్టరు ఇడ్రిస్ గారు పొదుపు మీద ప్రసంగించారు. "ప్రియ సహోదరులారా! దాచుకునే చెయ్యి ధన్యమైన చెయ్యి! మన లోయ బిడ్డడు ఎవరి మీదా భారమై ఉండడు! పెన్నీ పెన్నీ కూడబెట్టి తన కాళ్ల మీద తాను నిలబడతాడు!" అంటూ నలభై నిమిషాలు గర్జించారు. సభ పరవశించింది. ఎల్విన్ కూడా శ్రద్ధగా తలూపాడు. ఆనక పాస్టరు గారు చేతులెత్తి, "నిలబడగలిగినవారందరూ నిలబడండి," అన్నారు.

అందరూ లేచారు. మాయిర్ ఆంటీ లేచినట్టే లేచి, ఎల్విన్ పక్కన బెంచీ మీద చతికిలబడి, ఒళ్లో రసీదు పుస్తకం తెరిచింది.

"పాడరా, నీకేం పని? రాసేది నేను కదా. అసలు యాభై. మరి వడ్డీ?"

"వడ్డీ మాటెత్తకు ఆంటీ. ఈ గొడవంతా దానివల్లే."

"వచ్చే ఏప్రిల్లో మళ్లీ వేస్తుంది కదరా ఆ బ్యాంకు. అప్పుడేం చేస్తావ్?"

ఎల్విన్ తలెత్తి చూశాడు. అతని ముందు కోట్ల వెనకభాగాలు వరసగా నిలబడి, తన కాళ్ల మీద తాను నిలబడేవాడిని గొంతెత్తి కీర్తిస్తున్నాయి. మనకూ ఆ పాట కంఠతా వచ్చు. నిలబడి పాడేవాళ్లకు అది ఎంతో తేలికైన పాట.

రెండో చరణం ముగిసేసరికి ఆంటీ రసీదు చింపి ఇచ్చింది. ఎల్విన్ నాణెం ఆమె అరచేతిలో పెట్టాడు. ఇప్పుడతని దగ్గర పదిహేనువేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది పౌండ్ల ఎనభై ఎనిమిది పెన్నీలు ఉన్నాయి. రాజముద్రతో సహా అతను మళ్లీ పేదవాడయ్యాడు. ఆంటీ నాణేన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, పర్సులో వేసి, టక్కున మూత బిగించింది.