బండ్లు రాని వీధి

ఆ ఆదివారం పొద్దున రంగనాయకమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎనిమిది గంటల బస్సుకు జగిత్యాల పోవాలి, రెండు సంచుల తెల్ల చామంతులు కొనాలి, పన్నెండు లోపల తిరిగి కోరుట్లలో దిగాలి. సాయంత్రం అయిదింటికి కూతురు ప్రణీత ఇంటి ముందు గదిలో కొత్తగా బట్టల దుకాణం తెరుస్తుంది. ఇందులో చెడిపోయేందుకు ఏముందని ఎవరైనా అంటారు. రంగనాయకమ్మ అనదు. బస్సు బోల్తా పడవచ్చు. పూలు దారిలోనే వాడిపోవచ్చు. వాన దంచవచ్చు. ఇవన్నీ తప్పినా, దుకాణానికి ఎవరూ రాకపోవచ్చు.

ఎవరూ రాకపోవడం ఆమెకు బాగా తెలిసిన సంగతి. భర్త పోయిన ఆరేళ్లలో శివాలయం వెనుక గల్లీలో ఆమె ఉండే తెల్లమేడ గడప తొక్కినవాళ్లు పాలాయన, కరెంటు మీటరు చూసే ఆయన, ఎదురింటి గౌరవ్వ. సిరిసిల్లలో మరిది దామోదర్ రావు ఉన్నాడు. జగిత్యాలలో, రుద్రంగిలో నిండా చుట్టాలే. పండుగకు అందరూ ఫోన్‌లో దీపాల బొమ్మలు పంపిస్తారు. ఆమె పొద్దంతా టీవీ పెట్టే ఉంచేది. చూడటానికి కాదు, ఇంట్లో ఇంకో గొంతు వినపడటానికి. ఎనిమిది నెలల కింద ప్రణీత హైదరాబాద్ ఉద్యోగం మాని వచ్చాకే ఆ టీవీకి విశ్రాంతి దొరికింది. కానీ వచ్చిన రోజే ప్రణీత ఒక మాట చెప్పి పెట్టింది.

"అమ్మా, దుకాణం నడిస్తే ఈడనే ఉంట. నడవకుంటే మళ్ల హైదరాబాదే. అప్పుడు నన్ను బతిమాలద్దు."

దుకాణం ఎట్లా ఉండాలో ప్రణీత ఇటలీలో చూసి వచ్చింది. పాత కంపెనీ వాళ్లు ఆమెను ఒకసారి పది రోజుల పని మీద అక్కడ సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి పంపారు. ఆ ఊళ్లో ఒక పెద్ద బజారు ఉంది. రెండు పక్కలా అద్దాల దుకాణాలు, నడుమ చెట్లు, పూలకుండీలు, బల్లలు. ఆ వీడియో తల్లికి చూపించింది.

"చూడమ్మా, ఒక్క బండి గూడ లేదు."

"బందా బిడ్డా? ఏమన్న లొల్లయిందా?"

"బంద్ కాదే. నడిచెతందుకే పెట్టిన్రు ఆ బజారు. పొద్దుగూకంగ అందరు మంచి బట్టలేస్కొని అస్తరు. ఐస్‌క్రీమ్ తినుకుంట గా కొసకు గీ కొసకు తిరుగుతరు."

"ఏం పని మీద?"

"ఏం పని లేదు. ఒకలనొకలు చూసుకునెతందుకే."

పని లేకుండా, ఊరికే ఒకరినొకరు చూసుకోవడానికి మనుషులు వస్తారన్న మాట రంగనాయకమ్మ మనసులో నాటుకుపోయింది. ప్రణీత బయటికి పోయినప్పుడల్లా ఆ వీడియో పెట్టుకుని చూసేది. అంతమంది పడిపోకుండా ఎట్లా నడుస్తున్నారని భయపడుతూనే చూసేది.

అందుకే ఆదివారం ఒక్కరోజు తమ గల్లీని అట్లా చేద్దామంటే ఒప్పుకుంది. ఇరుగుపొరుగూ ఒప్పుకున్నారు. టెంటు సామాను ఎల్లన్నకు ప్రణీత ఫోన్‌లో అంతా వివరంగా చెప్పింది. గల్లీకి రెండు కొసలా వెదురుబొంగులు అడ్డం కట్టాలి. టెంటు తెల్లది. కుర్చీలకు తెల్లబట్టలు. మైకు వద్దు, పాటలు వద్దు, చిన్న స్పీకరు డబ్బాలో మెల్లగా వాయులీనం చాలు. ఎందుకో మాత్రం చెప్పలేదు. ఎల్లన్న అడగలేదు.

రంగనాయకమ్మ ఫోన్‌ను బియ్యం డబ్బాలో పాతిపెట్టి బస్సెక్కింది. బస్సులో ఫోన్లు కొట్టేస్తారని ఆమెకు గట్టి నమ్మకం. ఆమె లేనప్పుడు ఇంటి దగ్గర జరిగింది తరువాత పదిమంది పది రకాలుగా చెప్పారు. అన్నీ కలిపి చూస్తే ఇంతే.

తొమ్మిదింటికి సామాను దింపిన ఎల్లన్న గల్లీని ఒకసారి చూశాడు. ముప్పై ఏళ్లుగా టెంట్లు వేస్తున్న మనిషి. గల్లీ మూశారంటే పెండ్లన్నా కావాలి, చావన్నా కావాలి. పెండ్లికి మైకు వద్దనేవాళ్లు ఇంకా పుట్టలేదు. తల మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకుని, తన మనుషులతో "సప్పుడు జెయ్యకుంట కట్టున్రి" అన్నాడు. అటువంటి ఇంట్లో ఎవరు పోయారని అడగరు. చూసి తెలుసుకుంటారు. చూస్తే కూతురు కనబడుతోంది, తల్లి కనబడటం లేదు. పాపం, ఆడపిల్ల ఒక్కతే ఏం తిప్పలు పడుతుందని, తానే పూనుకుని దామోదర్ రావుకు ఫోన్ చేశాడు. అట్లాగే శవాన్ని పెట్టే ఫ్రీజర్ బాక్స్ బండికి కూడా చెప్పాడు.

దామోదర్ రావు వదినకు పదకొండు సార్లు ఫోన్ చేశాడు. బియ్యం డబ్బా మాట్లాడలేదు. ప్రణీతకు చేయబోయి ఆగాడు. తల్లి పోయిన పిల్లను ఏమని అడుగుతారు? పదింటికల్లా సిరిసిల్ల నుంచి, జగిత్యాల నుంచి, రుద్రంగి నుంచి కార్లు బయలుదేరాయి. ఆరేళ్లుగా దొరకని తీరిక అందరికీ ఒక్కసారే దొరికింది.

పన్నెండుకు రంగనాయకమ్మ కోరుట్లలో బస్సు దిగింది. బస్సు బోల్తా పడలేదు, పూలు వాడిపోలేదు. ఇంత సవ్యంగా జరగడం ఆమెకు అనుమానంగానే ఉంది. ఆటో గంగయ్య ఆమెను ఎరుగడు. చామంతుల సంచులు మాత్రం చూశాడు.

"ఏడికమ్మా?"

"శివాలయం ఎనుక గల్లీకి."

గంగయ్య గొంతు తగ్గించాడు. "బండి లోపలికి పోదమ్మా, గల్లీ మూసిన్రు. మీరు గూడ గా చావుకేనా?"

"ఏం చావు?"

"తెల్లమేడల ఎవలో కాలం జేసిన్రట. పొద్దటిసంది కార్ల మీద కార్లు దిగుతున్నయి."

తెల్లమేడలో ఉండేది ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకరు ఆటోలో కూర్చుని ఉన్నారు.

రంగనాయకమ్మ ఇంకేమీ అడగలేదు. పుట్టినప్పటి నుంచి ఎదురుచూస్తున్న కబురు వచ్చినప్పుడు ఎవరూ ప్రశ్నలు వేయరు. "జల్ది పోనియ్యి నాయినా" అన్న మాట ఒక్కటే బయటికి వచ్చింది.

వెదురుబొంగు కింద నుంచి వంగి లోపలికి పోయేసరికి గల్లీ ఆ కొస నుంచి ఈ కొస దాకా తెల్లగా ఉంది. తెల్ల కుర్చీల్లో తెల్లబట్టల చుట్టాలు తలలు దించుకుని కూర్చున్నారు. వాయులీనం సన్నగా ఏడుస్తోంది. అంత దుఃఖంలోనూ ఆమెకు ఒక ఆలోచన రానే వచ్చింది: ఇంతమంది వచ్చారు. వెంటనే ఆ ఆలోచనకు సిగ్గుపడి, సంచులు విసిరేసి గొంతెత్తింది.

"ఓ నా బిడ్డా! నన్ను ఒంటిదాన్ని జేస్తివా బిడ్డా!"

తలలన్నీ లేచాయి. దామోదర్ రావు కండ్లు తుడుచుకుంటూ లేచి నిలబడ్డాడు, ఆమెను చూశాడు, మళ్లీ కూర్చున్నాడు. చచ్చిన మనిషి తన దండలకు తానే పూలు మోసుకురావడం ఆయన ఎక్కడా చూడలేదు. అదే సమయానికి గౌరవ్వ రొమ్ము బాదుకుంటూ బయటికి వచ్చింది.

"ఓ దొర్సానీ, మమ్ముల ఇడిసిపెట్టి ఏడికి పోతివమ్మా..." అని రాగం తీస్తూ వచ్చి, ఎదురుగా దొరసానిని చూసి, రాగం ఆపకుండానే అడిగింది. "...ఏడికి పోయినవమ్మా పొద్దటిసంది?"

వెనుకే ప్రణీత జుట్టు విరబోసుకుని ఉరికి వచ్చి తల్లిని పట్టుకుంది.

"అమ్మా! బస్సు పడ్డదనుకున్ననే!"

"ఎవలు జెప్పిన్రు బిడ్డా?"

"ఎవలు జెప్పలే. అందరచ్చి పట్టుకొని ఏడుస్తుంటే నాకే అనిపించింది."

తన కూతురే, సందేహం లేదు. ఇద్దరూ ఒకరినొకరు తడిమి చూసుకుంటూ ఉండగా గల్లీ చివర ఫ్రీజర్ బాక్స్ బండి హారన్ కొట్టింది. ఎల్లన్న పరుగెత్తాడు.

"అవసరం లేదన్నా, పో."

"మరి మళ్ల ఎప్పుడు రమ్మంటరు?" అని డ్రైవరు మర్యాదగా అడిగాడు.

దామోదర్ రావు ఎల్లన్న మీద లేచాడు. "ఎవలు పోయిన్రని ఒక్క మాట అడగద్దా?"

"గల్లీ మూసి, తెల్ల టెంటేసి, మైకద్దంటే ఏమనుకోవాలె దొరా? గసొంటి ఇంట్ల అడుగుతరా? మీరడిగిన్రా?"

ఎవరూ అడగలేదు. చుట్టాలు ఒక్కొక్కరే లేచి, చెప్పులు వెతుక్కోసాగారు. ప్రణీత దుకాణం అద్దాల తలుపుకు ఆనుకుని నిలబడింది. చావుకని జనం కూడిన చోట సాయంత్రం కొత్తబట్టలు ఎవరు కొంటారు? ఆ పిల్ల కండ్లలో హైదరాబాద్ బస్సు బయలుదేరడం రంగనాయకమ్మకు స్పష్టంగా కనబడింది. దాని వెనుకే టీవీ, ఖాళీ ఇల్లు. ఆ భయంలో నుంచే ఆమెకు మాట దొరికింది.

"దామోదర్ రావూ, తానం జెయ్యకుంట ఇంట్లకెట్ల పోతవ్?"

"చావే లేదు గద వదినా. తానమెందుకు?"

"ఏడ్చినవా లేదా?"

"ఏడ్చిన."

"మరి? ఏడ్చిన కండ్లతోని, గవే బట్టలతోని పోయి పిల్లల నడుమ కూసుంటవా? రేపు ఎవలికన్న జ్వరమస్తే?"

చెప్పుల్లో పెట్టిన కాళ్లు ఆగిపోయాయి. ఒకసారి ఆ మాట బయటపడ్డాక తడవకుండా ఇంటికి పోయే ధైర్యం ఎవరికీ లేదు. అందరికంటే పెద్దాయన దామోదర్ రావే చొక్కా విప్పాడు. పెరట్లో మోటారు వేశారు. మగవాళ్లు బయట, ఆడవాళ్లు లోపల, నలభై మంది తలలు తడుపుకున్నారు. తడిసినాక తెలిసింది, చావుకని బయలుదేరిన మనుషులు మార్చుకునే బట్టలు తెచ్చుకోలేదని. ఊళ్లో మిగతా బట్టల దుకాణాలకు తడిబట్టలతో నడిచిపోవాలి. ఇక్కడ అయిదడుగుల దూరంలో అద్దాల తలుపు ఉంది.

ప్రణీత తలుపు తీసింది. అయిదు దాకా ఆగలేదు.

పొద్దుగూకే వేళకు గల్లీ చూడాలి. దామోదర్ రావు పసుపుపచ్చ నిమ్మకాయల బొమ్మల చొక్కాలో బల్ల మీద కూర్చుని కుల్ఫీ తింటున్నాడు. ఆయన భార్య సముద్రం రంగు పొడుగు కుర్తాలో ఆ కొసకు పోయి మళ్లీ వస్తోంది. రుద్రంగి చుట్టాలు తెరచాపల బొమ్మల బట్టలు వేసుకున్నారు. బండ్లు లేవు, చేయడానికి పని లేదు. ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. ఆ వింత చూడటానికి ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్లు నడిచారు. నడిచినవాళ్లు అద్దాల లోపలికి తొంగిచూశారు. చీకటి పడేసరికి దుకాణంలో కొక్కేలు మాత్రమే మిగిలాయి.

"అమ్మా, నడిచిందే" అంది ప్రణీత, కండ్లు తుడుచుకుంటూ.

"ఇగ దిష్టి తాకుతది" అంది రంగనాయకమ్మ. అయినా ఆ సాయంత్రం ఆమె ఒక్కొక్కరి దగ్గరా కూర్చుంది, ఆరేళ్ల మాటలన్నీ మాట్లాడింది. పోయేటప్పుడు అందరూ, మళ్ల వస్తం, తప్పకుండ వస్తం అన్నారు.

మళ్లీ ఆదివారం కూడా ప్రణీత గల్లీ మూసింది. ఊళ్లోవాళ్లు పోయినసారి కంటే ఎక్కువే వచ్చారు. ప్రణీతకు దుకాణంలో నుంచి తలెత్తే వీలు లేదు. రంగనాయకమ్మ పెద్ద గిన్నెలో చాయ పెట్టి, బల్ల మీద తన పక్కన చోటు ఉంచుకుని కూర్చుంది. గల్లీ మూశారన్న కబురు అందినట్టుంది. సిరిసిల్ల, జగిత్యాల, రుద్రంగి చుట్టాలందరూ వరుసగా ఫోన్లు చేశారు. ఆమె హలో అనగానే, ఉన్నవు గద, మంచిది అని పెట్టేశారు.