ఎనిమిది వందల అడుగుల తీగలో మునిశామప్ప తోట

భూమిని కొలవడానికి ఎకరాలనీ, చదరపు అడుగులనీ నానా కొలతలు కనిపెట్టిన మహానుభావులంతా ఒక చిన్న సంగతి మరిచిపోయారు: ముళ్ళతీగను చదరపు అడుగుల్లో ఎవరూ అమ్మరు. ఈ సత్యాన్ని లోకంలో మొదట గ్రహించిన ఘనత కోలారు బంగారు గనుల వైపు వెలసిన గుంతల నివారణ, కంచెల విభాగానికే దక్కాలి. గనులు సర్కారు చేతికి వచ్చాక పుట్టిన ఈ విభాగానికి ఒక గది, ఒక సూపరింటెండెంటు, దొరల కాలం నుంచి మిగిలిపోయిన కొండంత ముళ్ళతీగ సంక్రమించాయి. చేతిలో ఉన్నది తీగ ఒక్కటే అయినప్పుడు, భూమి అంటే దాని చుట్టూ పట్టే తీగ పొడవే అవుతుంది కదా. (పేరులో నివారణ అనే మాట ఎందుకుందని ఎవరూ అడగలేదు. బోర్డు పెద్దది, ఏదో ఒకటి రాయాలి.)

క్యాసంబళ్ళి దగ్గర సేద్యం చేసుకునే మునిశామప్పకు ఇలాంటి విభాగం ఒకటి ఉందనే తెలియదు. అంత సుఖంగా బతుకుతున్నాడు. ఆయనకున్నదల్లా ఏ వైపు కొలిచినా రెండు వందల అడుగులుండే నలుచదరపు మల్బరీ తోట, ఆ తోట ఆకు మేసే పట్టుపురుగులు, ఆ పురుగులను కన్నబిడ్డల్లా సాకే భార్య జయలక్ష్మమ్మ. ఆకు ఉంటే పురుగులున్నట్టు, పురుగులుంటే ఇంట్లో పొయ్యి వెలిగినట్టు. ఇంతకు మించిన లెక్క ఆ ఇంట్లో ఎవరికీ అవసరం పడలేదు.

ఒక ముసురు వెలిసిన పొద్దున తోటలో ఓ మూల నేల కుంగింది. ఎప్పుడో దొరలు బంగారం ఉందేమోనని తవ్వి, లేదని తెలిసి, పైపైన కప్పేసి పోయిన గుంత అది. నాలుగు మల్బరీ చెట్లు అందులోకి దిగబడ్డాయి. తెలివైనవాడైతే నాలుగు బండ్ల మట్టి తోలి ఊరుకునేవాడు. మునిశామప్ప పాపం మంచివాడు, వెళ్ళి సర్కారుకు చెప్పాడు.

సూపరింటెండెంటు నంజుండప్ప మరునాడే మనుషులతో దిగాడు. (ఆ విభాగం చరిత్రలో అప్పటిదాకా ఎవరూ వాళ్ళను పిలవలేదు. ఆనందం పట్టలేకపోయారు.) ఆయన గుంత చుట్టూ ఒకసారి తిరిగి, పెదవి విరిచాడు.

"ఇది ఏ ఆకారమప్పా? వంకాయ మాదిరి ఉండాది."

"గుంత సార్. గుంతకు ఆకారమేముంటాది?" అన్నాడు మునిశామప్ప.

"అట్లంటే కుదరదు. మాకు మంజూరైన కంచెలు మూడే. చదరం, వృత్తం, త్రిభుజం. వంకాయకు మంజూరు లేదు."

వంకాయను వృత్తంగా మార్చడానికి కూలీలు గడ్డపారలతో దిగారు. ఒక వైపు తవ్వితే ఇంకో వైపు సొట్ట తేలింది. సొట్ట సరిచేస్తే అవతల గట్టు జారింది. సాయంత్రానికి గుంత నిబంధనల ప్రకారం చక్కటి వృత్తమైంది. అయిదు వరుసల మల్బరీ లేకుండా పోయింది. నంజుండప్ప దాన్ని తనివితీరా చూసుకున్నాడు. అంత గుండ్రటి గుంత ఆ జిల్లాలో ఇంకోటి లేదనే మాట నిజమే.

అక్కడితో ఆగి ఉంటే మునిశామప్ప ఆ అయిదు వరుసలకు నీళ్ళొదులుకుని ఊపిరి పీల్చుకునేవాడు. కానీ ఒక గుంత పడిన చోట మరొకటి పడదన్న భరోసా ఏమిటన్న మహత్తరమైన ప్రశ్న నంజుండప్పకు తట్టింది. దానికి జవాబు చెప్పడానికి బెంగుళూరు నుంచి సంభావ్యతా ఇన్‌స్పెక్టరు శ్రీకంఠయ్య రైల్లో వచ్చి దిగాడు. వస్తూ వస్తూ కబురు పంపాడు: సదరు రైతు సొంత ఖర్చుతో గుప్పెడు రాగులు తీసుకుని ఆఫీసుకు రావలెను.

బల్ల మీద ఆ ప్రాంతం పటం పరిచి ఉంది. మునిశామప్ప తోట అందులో వేలిగోరంత చదరం.

"చూడప్పా," అన్నాడు శ్రీకంఠయ్య. "ఈ పటం మీద రాగులు చల్లుతాను. ఒక్కో గింజ ఒక్కో గుంత. నీ తోట బొమ్మ మీద ఎన్ని పడితే నీకంత ప్రమాదం. ఇది శాస్త్రం."

చల్లాడు. ఆ బల్లకు ఒక కాలు పొట్టి. రాగులు జారి జారి క్యాసంబళ్ళి వైపు మూలకు చేరి, సగానికి సగం మునిశామప్ప తోటలో కుప్ప పడ్డాయి. కొన్ని విభాగం ఆఫీసు బొమ్మ మీద కూడా పడ్డాయి గాని, వాటిని నంజుండప్ప ఏరి పక్కన పెట్టాడు. సర్కారు కట్టడం కింద గుంత పడాలంటే ముందుగా మంజూరు ఉండాలి.

"సార్, బల్ల వాలింది సార్, అందుకే దొర్లుకుంటా వచ్చినాయి," అన్నాడు మునిశామప్ప.

"నేల మాత్రం సమంగా ఉండాదా?" అని అడిగాడు శ్రీకంఠయ్య.

తేలిన సంభావ్యత సగం. అంటే ఈ ప్రాంతంలో ఇకపై పడబోయే గుంతల్లో సగం వచ్చి మునిశామప్ప తోటలోనే పడతాయని శాస్త్రం తేల్చింది. ఇంత ఘోరమైన ప్రమాదంలో ఒక రైతును వదిలేయడానికి విభాగం రాతిగుండెదా? తోటను అపాయపు స్థలంగా ప్రకటించి, తలుపు లేని కంచె వేసి, బదులుగా అంతే భూమి వేరే చోట ఇవ్వాలని ఆర్డరు వేశారు. సర్కారు ఫైలు అంత వేగంగా కదలడం చూసి బంట్రోతు సైతం కంగారుపడ్డాడు.

బదులు భూమి మారికుప్పం రైలుకట్ట పక్కన, కట్టకూ బండిబాటకూ నడుమ ఉంది. మునిశామప్పను తీసుకెళ్ళి చూపించారు. పొడవు మూడు వందల తొంభై అడుగులు. వెడల్పు పది.

"సార్, నా తోట యాడ, ఈ సందు యాడ? ఇందులో ఎద్దును తిప్పేదానికి కూడా చోటు లేదే!"

నంజుండప్ప నొచ్చుకున్నాడు. ఆయన లంచగొండి కాదు, అబద్ధమాడే మనిషి కాదు. ఆ విభాగంలో అందరూ నిప్పులాంటివాళ్ళు, అదే వచ్చిన చిక్కు. "ఏమప్పా, నీకు అన్యాయం చేస్తామా? నీ తోట చుట్టూ పట్టిన తీగ ఎనిమిది వందల అడుగులు. సరిగ్గా అంతే తీగ కొలిచి తెచ్చి, నీ కండ్ల ముందరే ఇక్కడ పరిచినాము. జానెడు తగ్గిందా? జానెడు మిగిలిందా?"

తగ్గలేదు. మిగలలేదు. తీగ మొనా మొనా కచ్చితంగా కలిసింది. అంత కచ్చితంగా తనను ముంచవచ్చని మునిశామప్ప కలలో కూడా అనుకోలేదు.

"అదీగాక," అని శ్రీకంఠయ్య పటం మీద మళ్ళీ రాగులు చల్లాడు. (రాగులు మునిశామప్పవే. మొదటిసారి వాడినవి తిరిగి ఇవ్వలేదు.) ఆ సన్నటి గీత మీద ఒక్క గింజైనా నిలవలేదు. "చూసినావా? ప్రమాదం సగం నుంచి ఇంచుమించు సున్నాకు దిగింది. నీ అంత అదృష్టవంతుడు ఈ తాలూకాలో లేడు."

ఆ పాటికి ఇంట్లో పురుగులు నాలుగో జ్వరం లేచాయి. అంటే నాలుగోసారి పొర విడిచి, గూడు కట్టే ముందు రాక్షసుల్లా మేసే రోజులు. మామూలుగా ఆ రోజుల్లో ఇల్లంతా పురుగులు ఆకు నమిలే చప్పుడు వానలా వినిపించాలి. ఇప్పుడు తట్టల మీద అవి తలలెత్తి అటూ ఇటూ వెతుకుతున్నాయి. తోటలో ఆకు తీగ అవతల పచ్చగా నవనవలాడుతూనే ఉంది. కోసుకుంటామని జయలక్ష్మమ్మ వెళితే, లోపల గుంత పడే సంభావ్యత ఉంది గనుక మనుషులు పోకూడదని కావలివాడు కసిరి పంపాడు.

ఆమె మొగుణ్ణి వెంటబెట్టుకుని నేరుగా ఆఫీసుకు నడిచింది.

"సార్, నా పురుగులు తీగ మేస్తాయా?"

"అట్ల కోపం చేసుకుంటే ఎట్లమ్మా," అన్నాడు నంజుండప్ప.

"కోపం కాదు సార్, కడుపుమంట. మాకు చుట్టూ ఎంతనేది వద్దు. లోపల ఎంతనేది కావాల. ఆకు లోపల కదా పెరిగేది!"

శ్రీకంఠయ్య ఆ మాటకు నిజంగానే ఆలోచనలో పడ్డాడు. లోపల అనే విషయం ఆయన సర్వీసులో అప్పటిదాకా ఎదురుకాలేదు. ఇంత గంభీరమైన అభ్యంతరాన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదనీ, భూమిని స్వయంగా మళ్ళీ తనిఖీ చేస్తామనీ మాట ఇచ్చాడు. ఆ రోజు ఇంటికి వస్తూ మునిశామప్పకు కొంచెం ఆశ పుట్టింది. పుట్టకుండా ఉంటే బాగుండేది.

తనిఖీలో పెద్ద పొరపాటు బయటపడింది. రైలుకట్ట వైపు అయిదడుగులు, బండిబాట వైపు అయిదడుగులు తప్పనిసరిగా వదలాలన్న నిబంధనను అందరూ మరిచిపోయారు. పదిలో పది పోయింది. అయితే రైతుకు నష్టం రాకూడదని నంజుండప్ప పట్టుబట్టి, పొడవును మూడు వందల తొంభై నుంచి నాలుగు వందలకు పెంచాడు. అటు నాలుగు వందలు, ఇటు నాలుగు వందలు. మళ్ళీ ఎనిమిది వందలే. రెండు తీగలు ఒకదానికొకటి ఆనుకుని రైలుకట్ట వెంబడి బారుగా సాగిపోయాయి.

"నేల యాడ సార్?" అన్నాడు మునిశామప్ప.

"కంచె లోపల ఉండాదప్పా."

"లోపల యాడ సార్?"

శ్రీకంఠయ్య భుజం తట్టాడు. సంభావ్యత ఇప్పుడు ఇంచుమించు సున్నా కాదనీ, అసలు సిసలు సున్నా అనీ, ఇక మీదట ఏ గుంతా ఆయన నేలలో పడజాలదనీ అభినందించాడు. అక్కడే, ఆ తీగ పట్టుకునే మునిశామప్ప ఏడ్చాడు. ఆనందబాష్పాలని ఇద్దరు అధికారులూ అనుకున్నారు.

జయలక్ష్మమ్మ బతికి ఉన్న పురుగుల తట్టలను నెత్తిన పెట్టుకుని కామసముద్రంలో ఉన్న చెల్లెలు తాయమ్మ ఇంటికి మోసింది. దారిలోనే సగం పోయాయి. మిగిలినవి తాయమ్మ ఇంట్లో గూళ్ళు కట్టాయి. ఆ ఇంటి ఆకు తిన్న పురుగులు ఆ ఇంటివే కదా, ఈమె ఏమీ అడగలేదు.

పొయ్యి వెలగాలి గనుక మునిశామప్ప చివరికి మనసు చంపుకుని మళ్ళీ అదే ఆఫీసు మెట్లెక్కాడు. పక్క ఊళ్ళో కంచె పనికి తీగ లాగే కూలీలను తీసుకుంటున్నారని విన్నాడు.

"తీగ పట్టుకుంటా సార్. ఏ పనైనా చేస్తా. కూలికి రాసుకోండి."

నంజుండప్ప ఆయన్ను ఎగాదిగా చూశాడు. ఆయనకు నిజంగానే జాలి వేసింది. కానీ నిబంధన నిబంధనే.

"అట్ల కుదరదు మునిశామప్పా. ఈ కూలి పని భూమి లేని పేదోళ్ళకు. నీకు నాలుగు వందల అడుగుల భూమి ఉండాదే!"